ఉదయ్ భాస్కర్ గారి పడమటి డెక్

నార్సింగి దాటి ఔటర్ రింగ్ రోడ్డు వైపు వెళ్తే కుడిచేతి పక్కన కనిపించే శీతలాద్రి విల్లాస్‌లో, ఏప్రిల్ మూడో వారంలో, నివాసుల సంక్షేమ సంఘం ఒకే రోజున రెండు ఉత్తర్వులు జారీ చేసింది. మొదటిది: ఎండలు తీవ్రంగా ఉన్నందున ఉదయం పదకొండు నుంచి సాయంత్రం నాలుగు వరకు నివాసులెవరూ బయటికి రాకూడదు, పెంపుడు కుక్కల పాదాలు సున్నితమైనవి కాబట్టి వాటినీ తీసుకురాకూడదు. రెండోది: పొద్దున నివాసుల ఆఫీసు మీటింగులకూ, సాయంత్రం వారి నడకకూ భంగం కలుగుతున్నందున, ఇళ్లలో మరమ్మతులు, కట్టుబడి పనులు ఉదయం పదకొండు నుంచి సాయంత్రం నాలుగు వరకు మాత్రమే చేయించుకోవాలి.

రెండింటి కిందా అధ్యక్షుడు సుబ్రహ్మణ్యం గారి సంతకం ఒక్కలాగే గుండ్రంగా, అందంగా ఉంది. సంఘం వాట్సాప్ గ్రూపులో రెండింటికీ నూట ఇరవై విల్లాల నుంచి నమస్కారం బొమ్మలు వచ్చాయి. ఒకదానికొకటి అడ్డం వస్తున్నాయని ఎవరికీ అనిపించలేదు. నిజానికి అడ్డం రావు కూడా. మొదటిది మనుషుల గురించి, రెండోది పనివాళ్ల గురించి.

ఈ శుభసమయంలోనే ఇరవై ఏడో నంబరు విల్లా యజమాని ఉదయ్ భాస్కర్ డెక్ కట్టించాలని నిశ్చయించుకున్నాడు.

ఉదయ్ భాస్కర్‌ది తణుకు. హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి వైస్ ప్రెసిడెంట్. ఆయన కింద నాలుగు వందల మంది పనిచేస్తారు. వాళ్లేం చేస్తారో ఆయనకు వారానికోసారి చెబుతారు. ఫిబ్రవరిలో క్లయింటును కలవడానికి ఆయన ఒక చలిదేశం వెళ్లాడు. అక్కడ సూర్యుడు వారానికి రెండుసార్లు, అదీ అరగంట చొప్పున, మొహం చూపించి పోతాడు. ఆ అరగంటలో ఎరిక్ అనే ఆ క్లయింటు ఉదయ్ భాస్కర్‌ను తన ఇంటి వెనక చెక్క డెక్ మీద కూర్చోబెట్టి, కాళ్ల మీద కంబళి కప్పి, చేతికి కాఫీ ఇచ్చి, "మేం బతికేది ఈ కాస్త ఎండ కోసమే" అన్నాడు. ఉదయ్ భాస్కర్ కళ్లు చెమర్చాయి. తన జీవితంలో లోటేమిటో నలభై ఆరేళ్లకు తెలిసొచ్చింది. ఎండ తన దగ్గర పుష్కలంగా ఉంది. లేనిది డెక్.

"డెక్ అంటే అరుగేగా అండీ?" అంది భార్య కృష్ణప్రియ. "మా పెదనాన్నగారింట్లో ఉండేది. సాయంత్రం నీళ్లు చల్లుకుని కూర్చునేవాళ్లం."

"అరుగు మీద మనుషులు కూర్చుంటారు ప్రియా. డెక్ మీద లైఫ్‌స్టైల్ కూర్చుంటుంది."

"మరి మనం ఎక్కడ కూర్చుంటాం?"

ఇలాంటి ప్రశ్నలకు ఆఫీసులో ఆయన "దీన్ని వేరే మీటింగులో తీసుకుందాం" అంటాడు. ఇంట్లోనూ అదే అన్నాడు.

కోకాపేటలో ముప్పై ఒకటో అంతస్తులో డిజైన్ స్టూడియో నడుపుతున్న యశస్విని ఈ బాధ్యత స్వీకరించింది. ఆమె అరవై నాలుగు స్లైడ్లు చూపించింది. మొదటి నలభై స్లైడ్లలో డెక్ లేదు, తాత్వికత ఉంది. నలభై ఒకటో స్లైడులో డెక్ వచ్చింది. హాలు అద్దాల తలుపుకు ఆనుకుని, పూర్తిగా పడమటి ముఖంగా, కాఫీగింజ రంగు పలకలతో మెరిసిపోతోంది. చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన పలకలవి, చెద పట్టవు. దాని మీద స్వెట్టరు వేసుకున్న ఎర్రజుట్టు మనిషి ఒకడు పుస్తకం చదువుకుంటున్నాడు. ఆ మనిషి ఉదయ్ భాస్కర్‌కు చాలా నచ్చాడు. తానే అయినట్టు అనిపించింది.

డెక్ బిగించే పని ఓదెలుకు వచ్చింది. ఓదెలు పెద్దపల్లి వైపు నుంచి ఇరవై ఏళ్ల కిందట వచ్చిన వడ్రంగి. బోరబండలో కిరాయికి ఉంటాడు. పలకలు అందించడానికీ కొలతలు పట్టుకోవడానికీ భార్య ఎల్లమ్మ కూడా వెంట వస్తుంది. మొదటి రోజు ఓదెలు స్లైడ్లేవీ చూడలేదు. పెరట్లో గొంతుకు కూర్చుని, నమూనా పలకను ఒక పది నిమిషాలు ఎండలో పెట్టి, అరచెయ్యి ఆనించి, వెంటనే తీసేశాడు.

"సారూ, గీ రంగు పలక పడమటెండకు పెనం లెక్క కాల్తది. తెల్లది తీస్కోండ్రి. లేకుంటే నాలుగు గుంజలు పాతి మీద తడికెల పందిరేద్దాం. సల్లగుంటది."

"పందిరి వేస్తే ఆకాశంతో మనకున్న సంబంధం తెగిపోతుంది" అంది యశస్విని.

ఓదెలు ఆకాశం వైపు చూశాడు. దానితో తనకున్న సంబంధం ఎంత గట్టిదో అతని మెడ వెనక నల్లగా రాసి ఉంది.

"సరే మేడం. కొసలకాడ జర సందన్న ఇడుస్తం. ఎండకు పలక సాగుతది. సందు లేకుంటే పైకి లేస్తది."

"సందు కనిపిస్తే లైన్ పోతుంది. ఈ డిజైన్‌కు ప్రాణమే అతుకు కనిపించకపోవడం."

ఇద్దరూ ఉదయ్ భాస్కర్ వైపు చూశారు. నాయకత్వమంటే ఇలాంటి క్షణాల్లో నిర్ణయం తీసుకోవడమే. ఇరవై ఏళ్లుగా పలకలు బిగిస్తున్న మనిషి మాటనూ, నలభై ఒకటో స్లైడునూ ఆయన నిష్పక్షపాతంగా తూచాడు. స్లైడు రంగుల్లో ఉంది. దాన్నే ఆమోదించాడు.

పని మొదలైంది. రోజూ పదకొండింటికి ఓదెలు, ఎల్లమ్మ గేటు దగ్గర ఫొటో దిగి, వేలిముద్ర వేసి, మెడలో పసుపుపచ్చ కార్డు తగిలించుకుని లోపలికి వచ్చేవారు. దారిపక్క చెట్ల కింద కూర్చోకూడదని కార్డు వెనక రాసి ఉంది. ఆ నీడ ల్యాండ్‌స్కేప్‌లో భాగం. ఎల్లమ్మ తెచ్చుకున్న అంబలి డబ్బాను కాపలా మనిషి అనిల్ మొదటి రోజు మూత తీసి చూశాడు. రెండో రోజు నుంచి చూడటం మానేసి, తన గదిలో ఉన్న చల్లటి నీళ్లు ఒక సీసా చేతికివ్వసాగాడు. నిబంధనల్లో అలాంటి సీసా గురించి ఎక్కడా లేదు.

పదకొండుంబావుకు ఉదయ్ భాస్కర్ ఆఫీసు నుంచి వీడియోలో స్టాండప్ మీటింగ్ పెట్టేవాడు. నిన్న ఏం చేశారు, ఇవాళ ఏం చేస్తారు, అడ్డంకులేమిటి? ఆఫీసులో స్టాండప్ అంటే అందరూ కూర్చునే ఉంటారు. ఓదెలు మాత్రం దాన్ని పద్ధతి ప్రకారం ఎండలో నిలబడి చేసేవాడు.

"అడ్డంకి ఒక్కటే సారూ, ఎండ. పొద్దుగాల ఆరింటికి వస్తం, పదింటికల్ల ఎల్లిపోతం. పని గూడ ఆగది. జర అడిగి సూడుండ్రి."

కోరిక సమంజసంగానే ఉందనిపించి ఉదయ్ భాస్కర్ ఆ సాయంత్రమే సుబ్రహ్మణ్యం గారింటికి వెళ్లాడు. ప్రభుత్వంలో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరైన ఆయన ఏసీలో శాలువా కప్పుకుని కూర్చుని ఉన్నారు.

"ఉదయ్ భాస్కర్ గారూ, మీ మానవతా దృక్పథాన్ని నేను మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను" అన్నారాయన. "అయితే నిబంధన అనేది ఆనకట్ట వంటిది. ఇవాళ వడ్రంగికి సడలిస్తే రేపు మేస్త్రీ అడుగుతాడు, ఎల్లుండి రంగులవాడు అడుగుతాడు. అప్పుడు ఉదయం పూట మన ప్రశాంతత గతేమిటి? మీరొక దరఖాస్తు పెట్టండి. జూలై సర్వసభ్య సమావేశంలో సానుభూతితో పరిశీలిస్తాం."

"జూలైకి వానలు వచ్చేస్తాయి కదండీ?"

"అప్పటికి సమస్య దానంతటదే పరిష్కారమవుతుంది. పాలనలో దాన్నే దూరదృష్టి అంటారు."

ఉదయ్ భాస్కర్ మనసు తేలికపడింది. అడగవలసింది అడిగేశాడు. మర్నాడు స్టాండప్‌లో "నేను ఎస్కలేట్ చేశాను ఓదెలూ" అన్నాడు.

"అంటే ఏంది సారూ?"

"పైకి చెప్పాను."

ఓదెలు పైకి చూశాడు. పైన సూర్యుడొక్కడే ఉన్నాడు.

మే రెండో వారానికి ఎండ నలభై నాలుగు దాటింది. ఆ శనివారం ఎరిక్ హైదరాబాద్ వస్తున్నాడు. డెక్ ప్రారంభోత్సవానికి అందరికీ పిలుపులు వెళ్లిపోయాయి. చివరి రెండు వరుసలు మిగిలాయి. గురువారం మధ్యాహ్నం ఒకటిన్నరకు ఉదయ్ భాస్కర్ ఆఫీసులో "వేసవిలో ఉద్యోగుల ఆరోగ్యం" అనే సదస్సులో ముందు వరుసలో కూర్చుని ఉన్నాడు. హాలు చల్లగా ఉండటం వల్ల చాలామంది స్వెట్టర్లు తెచ్చుకున్నారు. వక్త ఎండలో నీళ్లు తాగడం గురించి చెబుతుంటే, ఉదయ్ భాస్కర్ ఫోన్‌లో పెరటి కెమెరా తెరిచి పని ఎంతవరకు వచ్చిందో చూస్తున్నాడు.

ఓదెలు మోకాళ్ల మీద వంగి మరలు బిగిస్తున్నాడు. డ్రిల్లు పక్కన పెట్టాడు. కాసేపు అలాగే కూర్చున్నాడు. తర్వాత ఎవరో మెల్లగా తోసినట్టు పక్కకు ఒరిగిపోయాడు.

ఎల్లమ్మ చేతిలో పలక పడేసి పరిగెత్తింది. అద్దాల తలుపును రెండు చేతులతో బాదింది. కృష్ణప్రియ తలుపు తీసి, ఒక్క క్షణం చూసి, ఓదెలు కాళ్లు పట్టుకుంది. ఆడవాళ్లిద్దరూ అతన్ని హాల్లోకి ఈడ్చుకెళ్లారు. ఉదయ్ భాస్కర్ వెంటనే హాలు లోపలి కెమెరాకు మారాడు. కృష్ణప్రియ తడిపిన దుప్పట్లు ఓదెలు మీద కప్పుతోంది, భుజంతో ఫోను పట్టుకుని అంబులెన్సుకు చెబుతోంది. ఉదయ్ భాస్కర్‌కు భార్య మీద గౌరవం కలిగింది. కళ్లార్పకుండా చూస్తూ ఉన్నాడు.

అప్పుడు వీడియోకు అడ్డంగా ఫోన్‌లో ఒక మెసేజ్ వచ్చి నిలబడింది. గేటు దగ్గర వాహనం ఉంది, అనుమతిస్తారా? ఏదో పార్శిల్ అయివుంటుంది. సరిగ్గా ఓదెలు మొహం మీద వచ్చింది. కనిపించడం లేదని బొటనవేలితో పక్కకు తోసేశాడు. మళ్లీ వచ్చింది. మళ్లీ తోశాడు. పదకొండు నిమిషాల్లో ఏడుసార్లు వచ్చింది. ఓదెలుకు ఎలా ఉందోనన్న ఆందోళనలో ఏడుసార్లూ తోసేశాడు.

అంబులెన్సు గేటు అవతల మోగుతూ నిలబడి ఉంది. ఎల్లమ్మ వట్టికాళ్లతో తారురోడ్డు మీద గేటుదాకా ఉరికింది.

"ఏం తమ్మీ! మనిషి పోయినంక తెరుస్తవా గేటు?"

"సారు ఒత్తుతలేడక్కా! సారు ఒత్తకుంటే గిది లేవది" అన్నాడు అనిల్. అతను ఫోను వైపు చూశాడు, ఆమె కాళ్ల వైపు చూశాడు. తర్వాత ఫోను జేబులో పెట్టుకుని, గేటు అడ్డుగడ కింద భుజం పెట్టి పైకి లేపాడు. లోపల ఎక్కడో ఇనుప మర ఒకటి ఫట్‌మని విరిగింది. అంబులెన్సు లోపలికి వెళ్లింది.

ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేవాడు కాదని దవాఖానలో డాక్టరు చెప్పాడు. ఆ మాట ఉదయ్ భాస్కర్ స్వయంగా విన్నాడు. సదస్సు అయిపోగానే బయల్దేరి వచ్చాడాయన. దారిలో ట్రాఫిక్‌లో ఫోన్ చూసుకున్నప్పుడే ఆ ఏడు మెసేజ్‌లు ఏమిటో అర్థమైంది. మంచం పక్కన నిలబడి, క్షమించమని అడగాలని మాటలు పేర్చుకున్నాడు.

ఓదెలు కళ్లు తెరిచాడు. "సారూ, మీరొచ్చిండ్రా? శనారం ఆ పలకల మీద ఎవల్నీ నిలవడనియ్యకుండ్రి. సందు ఇడువలే. లేస్తయి."

ఉదయ్ భాస్కర్ తలూపాడు.

"గేటుకాడ అంతసేపు ఎందుకైంది సారూ?" అని అడిగింది ఎల్లమ్మ. ఆమె అరికాళ్లకు కట్లు ఉన్నాయి. "మీకు ఫోన్ రాలేదా?"

"టెక్నికల్ ఇష్యూ అమ్మా" అన్నాడు ఉదయ్ భాస్కర్. అన్నాక తనకే కొంత నమ్మకం కుదిరింది.

ప్రారంభోత్సవం వాయిదా వేద్దామని కృష్ణప్రియ అంది. ఎరిక్ విమానం టికెట్ మార్చడం కుదరదని ఉదయ్ భాస్కర్ అన్నాడు. వేరే మనుషులు వచ్చి మిగిలిన పలకలు అతుకు కనబడకుండా బిగించి పోయారు. శనివారం సాయంత్రం ఐదింటికి, నలభై రెండు డిగ్రీల ఆహ్లాదకర వాతావరణంలో, అతిథులందరూ హాల్లో ఏసీ కింద నిలబడి అద్దాల్లోంచి డెక్‌ను చూస్తుండగా, సుబ్రహ్మణ్యం గారు ప్రసంగించారు.

"ప్రకృతితో మమేకమై జీవించడం మన సంస్కృతి. ఆ సంస్కృతిని విదేశాల నుంచి మన శీతలాద్రికి తీసుకువచ్చిన శ్రీ ఉదయ్ భాస్కర్ గారు అభినందనీయులు!"

తర్వాత ఆయన కొబ్బరికాయ కొట్టడానికి చెప్పులు విడిచి డెక్ మీదికి నడిచారు. మొదటి అడుగు అధ్యక్షుడిలాగే వేశారు. రెండో అడుగులో కొంచెం చురుకుదనం కనిపించింది. నాలుగో అడుగు నుంచి ఆయన నేలను తాకుతున్నారా లేదా అన్నది చెప్పడం కష్టం. పంచె ఎగ్గట్టి, కాయ నెత్తిమీద ఎత్తిపట్టి, ఒంటికాలి మీద ఒకసారి, రెండో కాలి మీద ఒకసారి గెంతుతూ డెక్ నడిమధ్యకు చేరారు. ఎరిక్ ఇది స్వాగత నృత్యమనుకుని భక్తిశ్రద్ధలతో వీడియో తీశాడు. ఆఖరి గెంతు తర్వాత ఆయన దిగీ దిగగానే, పొద్దుటి నుంచీ సాగడానికి చోటు లేక బిగపట్టుకుని ఉన్న పలక ఢాంమని పైకి లేచింది. దాని వెనక ఇంకో రెండు లేచాయి. సుబ్రహ్మణ్యం గారు ఒకవైపూ, కొబ్బరికాయ ఒకవైపూ వెళ్లారు. కాయ గోడకు తగిలి సమంగా రెండు చెక్కలైంది. శుభసూచకమని అందరూ చప్పట్లు కొట్టారు.

కూల్‌డ్రింకుల కోసం తెచ్చిన ఐసు తొట్టిలో సుబ్రహ్మణ్యం గారి పాదాలు పెట్టి కూర్చోబెట్టాక, ఎరిక్ మెల్లగా అడిగాడు. "మీరు దీన్ని ఏడాదిలో ఎప్పుడు వాడతారు?"

ఉదయ్ భాస్కర్ లెక్క వేశాడు. "డిసెంబరులో. సాయంత్రం ఐదున్నర నుంచి ఆరు దాకా. తర్వాత దోమలు."

ఓదెలు నాలుగో రోజు ఇంటికి వెళ్లాడు. ఏడాదిదాకా ఎండలోకి పోవద్దన్నారు. బోరబండలోనే తలుపులు చేసే దుకాణంలో నీడపట్టున కుదిరాడు. యశస్విని ఫోన్ చేసి, శీతలాద్రిలో ఇంకా పద్దెనిమిది మంది డెక్‌లు అడుగుతున్నారు, వస్తాడా అని అడిగింది. ఫోను ఎల్లమ్మ ఎత్తింది. "ఆయనకు ఆకాశంతోటి సంబంధం తెగింది మేడం" అని పెట్టేసింది.

అవును, పద్దెనిమిది. ఒకరు పెట్టించుకున్న తర్వాత మిగతావాళ్లు ఊరుకుంటే అది గేటెడ్ కమ్యూనిటీ ఎందుకవుతుంది?

తర్వాతి ఆదివారం మిట్టమధ్యాహ్నం సంఘం అత్యవసర సమావేశం ఆన్‌లైన్‌లో జరిగింది. తొంభై ఆరుమంది హాజరయ్యారు. మొదటి అంశంగా అధ్యక్షుల వారి పాదాలకు ప్రగాఢ సానుభూతి తెలిపారు. రెండో అంశంగా పద్దెనిమిది డెక్‌లకు అనుమతి ఇచ్చారు. మూడో అంశం: గేటు మర విరగ్గొట్టి, నివాసి అనుమతి లేని వాహనాన్ని లోపలికి పంపి, నూట ఇరవై కుటుంబాల భద్రతను ప్రమాదంలో పడేసిన కాపలా మనిషి అనిల్‌ను తొలగించడం.

"ఎవరికైనా అభ్యంతరాలున్నాయా?" అన్నారు సుబ్రహ్మణ్యం గారు, లేవనే స్వరంతో.

"నాకుంది" అంది కృష్ణప్రియ. ఆమె భర్త పక్కనే, అదే తెరలో కూర్చుని ఉంది. "ఆ వాహనం అంబులెన్స్ అండీ. గేటు తెరవమని మెసేజ్ మా ఫోనుకే వచ్చింది. ఒకసారి కాదు, ఏడుసార్లు. నిన్న నేనే చూశాను, నిమిషాలతో సహా ఉంది. వద్దన్నది మేము. మనిషిని బతికించింది అనిల్. శిక్ష వెయ్యాలంటే మాకు వెయ్యండి."

చాలామంది తెరలకు దగ్గరగా జరిగారు.

"అమ్మా, మీ ఆవేదన గౌరవనీయం" అన్నారు సుబ్రహ్మణ్యం గారు. "కానీ నిబంధన తొమ్మిది ప్రకారం, రిజిస్ట్రేషన్ ఎవరి పేర ఉంటే వారి మాటే విల్లా మాట. ఉదయ్ భాస్కర్ గారూ, మీరు చెప్పండి. ఇది నిజమేనా?"

ఉదయ్ భాస్కర్‌కు చెప్పాలనే ఉంది. ఎల్లమ్మ కాళ్ల కట్లు కళ్లముందు కదిలాయి. ఒక్క "అవును" చాలు. ఆ తర్వాత తొంభై ఆరు ఇళ్లవాళ్లూ సాయంత్రం నడకలో తనను ఎలా చూస్తారో కూడా కదిలింది. ఆఫీసులో ఎవరికి తెలుస్తుందో కదిలింది. నోరు సగం తెరిచాడు. అక్కడే ఆగాడు. కనురెప్ప వేయలేదు. చెయ్యి గాల్లో ఎలా ఉన్నది అలాగే ఉంచేశాడు.

"సార్ హ్యాంగ్ అయినట్టున్నారు" అన్నారెవరో.

"నెట్‌వర్క్ ప్రాబ్లం" అన్నారింకొకరు, జాలిగా.

వెనక కిటికీ తెర మాత్రం ఏసీ గాలికి కదులుతూనే ఉంది. పక్కన కృష్ణప్రియ ఆయన వైపు తిరిగి చూస్తూనే ఉంది. వాటిని గమనించనంత మర్యాద తొంభై ఆరుమందికీ ఉంది. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

కృష్ణప్రియ లేచి, గొడుగు కూడా తీసుకోకుండా, ఎండలో గేటు వైపు నడిచింది. అక్కడ అనిల్ టోపీ, విజిల్ బల్ల మీద పెట్టి సంతకం చేస్తున్నాడు. ఉదయ్ భాస్కర్ కదల్లేదు. సభ ముగిసి, తెర నల్లబడిన తర్వాత కూడా, జాగ్రత్త కోసం ఇంకో ఐదు నిమిషాలు నోరు తెరుచుకుని అలాగే కూర్చున్నాడు.

నవ్వొస్తే నవ్వండి, ఫర్వాలేదు. మీరైతే ఆ సమావేశంలో తప్పకుండా మాట్లాడేవారని మాకు తెలుసు. ఊరికే అడుగుతున్నాం: మీ గేటు దగ్గర కూర్చునే మనిషి పేరేమిటండీ?

హలో? మీ గొంతు వినిపించడం లేదు.